వరదగుడి కట్టిన కార్తీకం

సాయంత్రం మా అత్త జగదాంబ నోటి నుంచి ఒక మాట వచ్చేదాకా భావనపాడులో చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళెవరూ దిబ్బ దిగి ఇంటికి వెళ్ళేవారు కాదు. ఆ మాట పెద్దదేం కాదు. "ఉంచీండి" అనేది, లేదంటే "ఎత్తీండి" అనేది. దిబ్బ మీద ఉన్న నడుములన్నీ వంగాలా వద్దా అని ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉండేవి.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో. మాది పలాస. పెళ్ళికి ముందు జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొర వలిచేదాన్ని. చేపను కూరలో చూడడమే గాని ఇసుక మీద చూసి ఎరగను. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా అత్త నా చేతులు రెండూ పట్టుకుని వేళ్ళు అటూ ఇటూ తిప్పి, "జీడి వలిసిన వేళ్ళు. నెత్తళ్ళు ఏరడానికి పనికొత్తాయి" అంది. నా మొహం సరిగ్గా చూసిందో లేదో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నెత్తళ్ళు వేలెడేసి చేపలు. పాత వలలు ఇసుక మీద పరిచి, వాటి మీద పలచగా జల్లి ఎండబెడతారు. రెండు ఎండలు తింటే గాని బేరానికి రావు. మొదటి రోజు రాత్రి వాటిని అలాగే గాలికి వదిలేస్తే సగం పని గాలే చేసేస్తుంది. వాన తగిలితే మాత్రం మొత్తం మట్టిపాలు. పోనీ వాన భయంతో ఎత్తి కుప్ప పోసి కప్పుదామా అంటే, పచ్చి ఆరని చేప లోపల చెమర్చి, తెల్లారేసరికి వాసన కొడుతుంది. ఉంచినా భయమే, ఎత్తినా భయమే. అందుకే ఆ మాట చెప్పే మనిషికి ఊళ్ళో అంత విలువ.

చీకటి పక్షంలో మా అత్త గాలిని బట్టి, చీమల్ని బట్టి చెప్పేది. వెన్నెల రోజుల్లో చంద్రుణ్ణి తప్ప దేన్నీ చూసేది కాదు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందంటే, అంటే ఆ పెద్ద వలయం ఏర్పడిందంటే, పైన ఎక్కడో నీరు చేరిందనీ ఆ నీరు ఇవాళో రేపో కిందికి దిగుతుందనీ లెక్క. దాన్ని చూడడం ఆవిడకి వాళ్ళ అత్త నేర్పిందట. పడవల మీద వెళ్ళే మగవాళ్ళు రేడియో వినేవారు. ఆడవాళ్ళకి రేడియో మీద గురి లేదు. రేడియోవాడు తీరం మొత్తానికి కలిపి ఒకే మాట చెప్తాడు, మా దిబ్బ సంగతి వాడికేం తెలుసని వాళ్ళ వాదన.

ఆ ఏడు దసరాకి ఇంకా రెండు మూడు రోజులుందనగా, దీపాల వేళప్పుడు, మా అత్త దిబ్బ మీద నిలబడి నన్ను పిలిచింది.

"సూడు పిల్లా. ఎంత బాగా కట్టినాదో."

చూశాను. చంద్రుడు ఉన్నాడు. ఒక మబ్బు తునక ఉంది. ఇంకేం లేదు.

"ఎక్కడ అత్తా?"

"ఎక్కడంతావేటే. సెందురుణ్ణి అంటుకునే ఉన్నాది. లోపల నీలం, దాని మీద పసుపు, పైన ఎరుపు. ఇన్నేళ్ళలో ఇంత రంగు నేనే సూళ్ళేదు."

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. నాకు ఒక్క రంగూ కనబడలేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు, జాలిపడింది. "నువ్వు రైలుకట్ట కాడ పెరిగినదానివి. నీకు సముద్రం కన్ను ఇంకా రానేదు. వత్తాదిలే" అంది. తర్వాత గొంతెత్తి "ఎత్తీండి" అని కేకేసింది.

అందరూ ఆకాశం వంక ఓసారి చూసి, "అవునవును, కట్టింది" అంటూ గంపలు తీశారు. జగదాంబ కట్టిందంటే కట్టినట్టే. కనబడలేదంటే మన చూపు తక్కువైనట్టు, ఆ మాట ఎవరు పడతారు? నేనూ వాళ్ళతో పాటు వంగాను. ఎత్తనిది ఒక్క పోలమ్మత్తే. ఆవిడ మా మావయ్యకు చెల్లెలు, మా అత్తకి ఆడపడుచు. వాళ్ళిద్దరికీ నేను పుట్టకముందు నుంచీ పడదు. ఆవిడ ఆకాశం చూసి, మా అత్తని చూసి, తన చేపల్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చినుకు పడలేదు. మర్నాడు మా కుప్పలన్నీ కంపు కొట్టాయి. పోలమ్మత్త చేపలు మాత్రం వెండి తునకల్లా ఎండాయి.

మర్నాటి సాయంత్రమూ మా అత్తకి గుడి కనబడింది. ఆ మర్నాడూ కనబడింది. రోజురోజుకీ రంగులు పెరుగుతున్నాయని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు నుదుటికి తడిగుడ్డ కట్టుకుని ఉండేది. ఆ మధ్య ఆవిడకి సాయంత్రమయ్యేసరికి ఒకటే తలపోటు. శొంఠి అరగదీసి పట్టు వేసేదాన్ని. పడుకుని లేస్తే తగ్గిపోయేది. తలపోటు ఎవరికి రాదు, ఎండలో పని కదా అనుకున్నాం.

టెక్కలి నుంచి వచ్చే బేరగాడు మా గంపలో చెయ్యి పెట్టి ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా పక్క గంప దగ్గరకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండును. మా అత్తకి అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

పున్నమి ముందు రోజు పెద్ద గొడవ జరిగింది. మా అత్త దిబ్బ మీద అటునుంచి ఇటు నడుస్తూ పోలమ్మత్త పరిచిన చేపల మీద నుంచి తొక్కుకుంటూ వచ్చేసింది. పక్కన దారి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఏటి వదినా, కళ్ళు నెత్తికెక్కినాయేటి?" పోలమ్మత్త చేతిలో గంప కింద పడేసింది. "నా సేపలు బాగున్నాయని కడుపుమంటేటి నీకు?"

"దారిలో పరిసి నన్నంతావేటే?"

"దారి అదిగో. కావాలనే తొక్కినావు. అందరూ సూసినారు." పోలమ్మత్త మిగతావాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ పెద్దదని ఊరుకున్నాను. ఏ గుడీ కట్టనేదు, ఏ రంగూ నేదు. ఎవరికైనా కనిపిత్తే నా ఎదర సెప్పండి."

అందరూ ఇసుక వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ సాయంత్రం మా అత్త "ఎత్తీండి" అంటే గంప తీసింది నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చాక ఆవిడ అన్నం ముట్టలేదు. నా మొగుడు బైరాగి పడవ మీద చేపల వేటకి వెళ్తూ, "నువ్వైనా సెప్పు, రెండు మెతుకులు తినమను" అని నాకు అప్పగించి పోయాడు. కంచం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"మా అత్త పోయే ముందు నన్ను పిలిసి, దిబ్బ నీదే, జాగర్త అన్నాది" అంది మా అత్త, గోడవైపు చూస్తూ. "పొలం కాదు, బంగారం కాదు. ఆ మాటొక్కటే ఇచ్చినాది నాకు. అది పోతే నేనెవర్తినే?"

నాకా సముద్రం కన్ను లేదు. ఆవిడది నిజమో పోలమ్మత్తది నిజమో తేల్చే తాహతు నాకు లేదు. కంచం తీసి మూత పెట్టేశాను.

చీకటి పక్షం వచ్చింది. సాయంత్రాలు చంద్రుడు లేడు కాబట్టి గొడవా లేదు. మా అత్త దిబ్బ మీద మాట్లాడడం మానేసింది. ఎవరి చేపలు వాళ్ళిష్టం. ఇంట్లో ఎదురుగా పీట ఉంటే తన్నుకునేది, గుమ్మం ఉంటే భుజం కొట్టుకునేది. మనసు బాగోక అలా తిరుగుతోందని నేను అనుకున్నాను.

దీపావళి అమావాస్య నాడు గట్టు మీద వరసగా ప్రమిదలు పెట్టాను. బైరాగి ఆ రోజు వేటకి వెళ్ళలేదు. మా అత్త గుమ్మంలో కూర్చుంది. చాలా రోజులకి ఆవిడ మొహంలో నవ్వు చూశాను.

"ఓలే మోహినీ," అంది మెల్లగా. "దీపాలకి కూడా కట్టినాదే."

"ఏటి కట్టినాది అత్తా?"

"గుడి. పెతి దీపానికీ ఒకటి. నీలం, పసుపు, ఎరుపు. ఎంత బాగున్నాయో సూడు."

బైరాగి నవ్వాడు. "పెమిదల మీద కూడా వాన కురుత్తాదేటే అమ్మా" అన్నాడు.

నా చేతిలో నూనె గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాను. ఫ్యాక్టరీలో ఒకసారి కంటి డాక్టర్లు వచ్చి ఉచితంగా పరీక్షలు చేశారు. అప్పుడు ఒక డాక్టరమ్మ వయసు మళ్ళిన ప్రతి ఆడమనిషినీ అడిగిన ప్రశ్న నాకు గుర్తొచ్చింది. దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయా అని అడిగింది. ఇదేం పిచ్చి ప్రశ్న అని మేం వలిచే పిల్లలమంతా నవ్వుకున్నాం.

మా అత్త దగ్గరికెళ్ళి కూర్చున్నాను. "ఈ కన్ను ఓపాలి మూసుకో అత్తా" అని కుడికన్ను మీద నా అరచెయ్యి పెట్టాను.

"ఏటే ఈ ఆట?"

"ఇప్పుడు దీపాలెన్ని ఉన్నాయి?"

ఆవిడ కాసేపు చూసింది. "దీపాలారిపోనాయి కదే. గాలొచ్చినాదేటి?" అంది.

గాలి లేదు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. బైరాగి నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రి బైరాగి పక్కకు తిరిగి పడుకుని ఏడ్చాడు. మర్నాడు డాక్టరు దగ్గరకి వెళ్దామంటే మా అత్త ససేమిరా అంది. ముసలి కళ్ళు ఎవరికి బాగుంటాయి, మందెందుకు అంది. చాలాసేపు బతిమాలాక అసలు సంగతి బయటపడింది.

"నా కన్ను తప్పని డాట్రు సెప్తే, నేను సూసినవన్నీ తప్పనే కదా. పోలమ్మ గెలిసినట్టే కదా" అంది.

బైరాగి తల వంచుకున్నాడు. తల్లి ముందు నోరెత్తే రకం కాదు అతను. నేనే అన్నాను. "పోలమ్మత్త సంగతి నాకు తెలీదు. దీపానికి గుడి కట్టదు అత్తా. ఆ సంగతి నీకూ తెలుసు."

ఆవిడ నా వైపు చూసింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. లోపలికెళ్ళి తలుపేసుకుంది. తెల్లారి నేను లేచేసరికి నేత చీర కట్టుకుని, తల దువ్వుకుని, అరుగు మీద కూర్చుని ఉంది. "టెక్కలి బస్సు పోనాదేటే?" అని అడిగింది.

టెక్కలి డాక్టరు లైటు వేసి చూసి, క్షణం కూడా ఆలస్యం చేయకుండా శ్రీకాకుళం పొమ్మన్నాడు. అక్కడి డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. నీటికాసులు అన్నాడు. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, నరం చచ్చిపోతుందట. ఆ ఒత్తిడి పెరిగినప్పుడల్లా దీపాల చుట్టూ, చంద్రుడి చుట్టూ రంగులు కనబడతాయట. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంట్లో లేజరుతో దారి చేశాడు, వేసుకోవడానికి చుక్కలు రాసిచ్చాడు.

నన్ను పక్కకి పిలిచి, "చుట్టుపక్కల చూపు పోయిందమ్మా, మధ్యలో కొంచెం మిగిలింది. తలుపు సందులోంచి చూసినట్టు చూస్తున్నారావిడ. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి" అన్నాడు. పీటలు, గుమ్మాలు, పోలమ్మత్త చేపలు అన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఇంట్లో పక్కనే ఉండి చూడనిది నేనా ఆవిడా అనిపించింది.

మా అత్త డాక్టర్ని ఒకటే అడిగింది. "ఆ రంగులు మరి కనబడవా బాబూ?"

"కనబడకూడదమ్మా. మళ్ళీ కనబడితే వెంటనే వచ్చెయ్యండి."

తిరుగు బస్సులో మా అత్త కిటికీ పక్కన కూర్చుంది. నరసన్నపేట దాటాక అడిగింది. "అయితే అన్ని రోజులూ నేను సూసిందేటే? అబద్ధమా?"

"కాదు అత్తా. నీరు సేరితే గుడి కడతాదని నువ్వే అన్నావు. నీరు నీ కంట్లో సేరింది. మనం ఆకాశంలో ఎతికాం."

"మాటలు నేర్సినావు" అంది. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

జగదాంబ కన్ను బాగైందని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. బాగుచేసిన సంగతే తెలిసింది, పోయింది రాదన్న సంగతి నేనూ బైరాగీ ఎవరికీ చెప్పలేదు. ఆవిడకీ గట్టిగా చెప్పలేదు. చుక్కలు ఆగకుండా వేసుకోవాలని మాత్రం చెప్పాం. కార్తీకం వెన్నెల మొదలయ్యాక ఓ సాయంత్రం రత్నాలమ్మ అనే ఆవిడ, దిబ్బ మీద అందరికంటే చిన్నది, ఊరికే అడిగినట్టు అడిగింది. "పెద్దమ్మా, ఉంచమంతావా, ఎత్తమంతావా?"

మా అత్త తలెత్తి చంద్రుణ్ణి చూసింది. "తేటగా ఉన్నాడు. ఉంచీండి" అంది. వాన రాలేదు. మర్నాడూ అంతే. నాలుగు రోజులు గడిచేసరికి మళ్ళీ అందరూ ఆవిడ మాట కోసం ఆగడం మొదలెట్టారు. పోలమ్మత్త కూడా గంప నడుముకి ఆనించుకుని దూరంగా నిలబడి వినేది. మా అత్త నడుము మళ్ళీ నిటారుగా అయింది. బేరగాడు మా చేపలు తీసుకున్నాడు. నేనా రోజుల్లో ఆవిడ వెనకే తిరిగేదాన్ని, ఎక్కడ ఎవరి చేపలు తొక్కుతుందో అని.

క్షీరాబ్ది ద్వాదశి నాడు మధ్యాహ్నం నుంచీ ఆకాశం పలచగా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. పొద్దు గూకింది. చంద్రుడు అప్పటికే బాగా పైకి వచ్చి ఉన్నాడు. గంప తీసుకోవడానికి వంగి లేచి, తలెత్తాను.

అప్పుడు చూశాను. నా జన్మలో అదే మొదటిసారి. నీలం లేదు, పసుపు లేదు. లోపలి అంచున ఎరుపు ఉందా లేదా అన్నట్టుంది, మిగతా అంతా పాలరంగు. చంద్రుణ్ణి అంటుకుని అస్సలు లేదు. చెయ్యి చాపి వేళ్ళు విప్పితే, బొటనవేలు చంద్రుడి మీద ఉండగా చిటికెనవేలు దాని మీదికి వచ్చింది. సగం ఆకాశాన్ని లోపల పెట్టుకుని కూర్చున్నట్టుంది. దాన్ని చూడడానికి ఏ సముద్రం కన్నూ అక్కర్లేదు. దిబ్బ మీద అందరూ తలలెత్తి చూస్తున్నారు.

మా అత్త ఎప్పటిలాగే ముందుకొచ్చి నిలబడింది. తలెత్తింది. చంద్రుణ్ణి తిన్నగా చూసింది.

"తేటగానే ఉన్నాడు," అంది. "ఉంచీండి."

ఎవరూ కదల్లేదు. రత్నాలమ్మ నా వైపు చూసింది. అందరి ముందూ కనబడలేదా అత్తా అని ఎలా అడగను? అడగకపోతే ఇన్ని ఇళ్ళ చేపలు ఏం కావాలి? పోలమ్మత్త ఆకాశాన్నీ మా అత్తనీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళ పగ తీర్చుకోవడానికి ఆవిడకి అంతకంటే మంచి సాయంత్రం దొరకదు.

"అలగే వదినా," అంది పోలమ్మత్త.

అని, వంగి, తన చేపల్ని గుప్పెడు గుప్పెడుగా గంపలోకి ఎత్తడం మొదలెట్టింది. చప్పుడవకుండా గంపలో ముందు తన పైట పరిచింది. అది చూసి మిగతావాళ్ళూ వంగారు. గాజులు మోగకుండా మోచేతుల దాకా పైకి తోసుకున్నారు.

నేను మాత్రం మా చేపలు ముట్టుకోలేదు. ఆవిడ ఉంచమన్నాక ఆ ఇంటి కోడలు ఎలా ఎత్తుతుంది? వెళ్ళి ఆవిడ పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఆవిడా కూర్చుంది. అలల వైపు మొహం పెట్టింది. ఎండిన నెత్తళ్ళు ఎంత మెల్లగా వేసినా ఒకదాని మీద ఒకటి పడితే చిన్న గరగర ఉంటుంది. ఆ చప్పుడు వినీ వినీ పెరిగిన చెవులు అవి.

"ఎత్తీత్తన్నారు కదే," అంది.

నేను ఇసుక గుప్పెట్లోకి తీసుకున్నాను.

"కట్టినాదా?"

ఇంక దాచలేకపోయాను. "కట్టింది అత్తా."

"నాకు కనబడదేటే మరి. సెందురుడు కనబడతన్నాడు కదా."

"సాలా పెద్దది. నీ సూపుకి అవతల ఉన్నాది."

ఆవిడ ఆ మాట అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. డాక్టరు నాతో పక్కన ఏం చెప్పాడో అప్పుడు తెలిసిపోయింది ఆవిడకి. నా చెయ్యి తీసుకుని తన గడ్డం మీద పెట్టుకుంది. "సూపించు" అంది.

ఆవిడ గడ్డం పట్టుకుని మెల్లగా చంద్రుడి మీద నుంచి ఎడమకి తిప్పాను. "ఆగు," అంది. "ఇక్కడున్నాది." తర్వాత నా చెయ్యి తీసేసింది. తనే మెడ కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పైకి వెళ్ళింది. "ఇక్కడున్నాది... ఇక్కడా ఉన్నాది..." మధ్యలో ఒకచోట తప్పిపోయింది, వెనక్కొచ్చి మళ్ళీ పట్టుకుంది. పైనుంచి కుడికి, కుడి నుంచి కిందికి, మళ్ళీ మొదటికి వచ్చేదాకా ఆ గుడి చుట్టూ ముక్కముక్కగా తిరిగింది. చివరికి ఆవిడ మొహం తడిసి ఉంది.

"ఇదేనే," అంది. "మా అత్త సూపించింది ఇదే. ఆ రంగులవి కావు."

లేచి నిలబడింది. పైట దోపుకుంది. నేను ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వినే ఆ గొంతుతోనే దిబ్బ దద్దరిల్లేలా కేకేసింది.

"ఓలే పోలమ్మా, ఎత్తీండి. వరదగుడి కట్టినాది."

అప్పటికి దిబ్బ మీద వలలన్నీ ఖాళీ అయిపోయాయి. ఆడవాళ్ళు నిండు గంపలు నెత్తికెత్తుకుని ఊరి దారి పట్టారు. అందరికంటే ముందు వెళ్తున్న పోలమ్మత్త ఆగింది. నెత్తి మీద గంప దించి కింద పెట్టింది.

"అలగేనే వదినా," అని గట్టిగా బదులు పలికింది. "ఎత్తుతన్నాం."

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే గంపలు దించి వెనక్కి వచ్చారు. ఎత్తడానికి అక్కడ మిగిలినవి మా చేపలే. అందరూ వాటి మీదే వంగారు.